ఆజానుబాహుడు కాకపోతే గార్డ్‌కి తోసెయ్యడమేనా? (కాలేజీ లైన్‌మన్‌ని అంచనా వెయ్యడం)

శనివారం_సాంబ
అమెరికన్ ఫుట్‌బాల్‌లో డ్రాఫ్ట్ (ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కాలేజీ ఆటగాళ్లని వంతులవారీగా ఎంచుకోవడం) దగ్గర పడితే చాలు, ఒకటే పాట. కాలేజీలో మూడేళ్లు లెఫ్ట్ టాకిల్ (బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడే ఐదుగురు లైన్‌మెన్‌లో ఎడమ చివరివాడు) ఆడిన కుర్రాడి చెయ్యి 33 అంగుళాలకి కాస్త తగ్గిందా, "వీడు టాకిల్ కాదు, గార్డ్ (టాకిల్‌కి లోపలి పక్కవాడు)" అని తేల్చిపారేస్తారు. 2025లో ఎల్‌ఎస్‌యూ (లూయిసియానా స్టేట్) విల్ క్యాంబెల్ సంగతే చూడండి. కంబైన్‌లో (డ్రాఫ్ట్‌కి ముందు ఎన్‌ఎఫ్‌ఎల్ పెట్టే కొలతల, పరీక్షల శిబిరం) 32 5/8, నెల తిరక్కుండా ప్రో డేలో (కాలేజీ పెట్టే అలాంటి రోజు) 33. మధ్యలో ఏం తిని పెంచాడో మరి! ఆఖరికి పేట్రియట్స్ జట్టు 4వ పిక్‌తో (డ్రాఫ్ట్‌లో నాలుగో వంతు) తీసుకుని లెఫ్ట్ టాకిల్‌లోనే దింపారు. అలాంటప్పుడు ఈ కొలత టేపు గొడవంతా ఎందుకు? రిసీవర్‌కి క్యాచ్‌లున్నాయి, బ్యాక్‌కి (బంతితో పరిగెత్తేవాడు) గజాలున్నాయి. లైన్‌మన్‌కి ఏ అంకె ఉంది? కాలేజీ ఆట చూసి వీడు ఎన్‌ఎఫ్‌ఎల్‌లో నిలబడతాడని మీరు దేన్నిబట్టి చెప్తారు?

కొలతల_కామేశం
చెయ్యి కొలిచేది భుజం ఎముక కొన నుంచి మధ్యవేలి కొస దాకా. భుజం కొంచెం వాల్చినా, కొలిచేవాడి వేలు ఎముక మీద పావంగుళం జరిగినా అంకె మారిపోతుంది. కాబట్టి 32 5/8కీ 33కీ మధ్య యుద్ధం అనవసరం. 32 1/4కీ 34 1/4కీ ఉన్న తేడా మాత్రం నిజమైన తేడానే.

ఎందుకంటే టాకిల్ బయట ఖాళీలో వెనక్కి జరుగుతూ పట్టుకోవాలి. ఎడ్జ్ రషర్ (చివర నుంచి క్వార్టర్‌బ్యాక్ మీదికొచ్చే డిఫెన్స్‌వాడు) ఒంటి చెయ్యి చాచి ఛాతీ మీద పెట్టి మోచెయ్యి బిగించాడంటే (లాంగ్ ఆర్మ్ అనేది ఇదే) ఇతని చేతులు గాల్లోనే ఉండిపోతాయి. ముందు ఎవరి చెయ్యి తగిలితే ఆ స్నాప్ (బంతి వెనక్కి అందించగానే మొదలయ్యే ఒక్కో ఆట) వాడిది. గార్డ్‌కి ఆ బాధ తక్కువ. ఎదుటివాడు స్నాప్‌కి ముందే ముక్కు దగ్గర ఉంటాడు, పొట్టి చెయ్యయినా అందుతుంది.

టేప్_రత్తయ్య
జో థామస్ చెయ్యి కూడా 33కి లోపే. 2007లో బ్రౌన్స్ 3వ పిక్, వరసగా 10,363 స్నాపులు ఒక్కటి కూడా వదలకుండా ఆడాడు, హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నాడు. కొలత టేపు పక్కన పెట్టి ఆట టేపు (వీడియో) చూడండి మహాప్రభో.

బ్లైండ్‌సైడ్_బాబ్జీ
@టేప్_రత్తయ్య ప్రతి ఏడూ జో థామస్‌ని అడ్డం పెట్టుకోవడం మానాలి. వెయ్యిమందిలో ఒకడు గట్టెక్కాడని మిగతావాళ్లందరూ అదే ఏట్లో దూకితే ఎలా? పీటర్ స్కొరాన్‌స్కీ, నార్త్‌వెస్టర్న్, 32 1/4. కాలేజీలో అద్భుతమైన లెఫ్ట్ టాకిల్. 2023లో టైటన్స్ 11వ పిక్‌తో తీసుకుని మొదటి రోజు నుంచే లెఫ్ట్ గార్డ్‌లో పెట్టారు. నోటర్‌డామ్ టాకిల్ జాక్ మార్టిన్ కౌబాయ్స్‌లో గార్డ్ అయ్యాడు, ఆ తరంలోకెల్లా గొప్ప గార్డ్. గార్డ్‌కి పంపడమంటే కాశీకి పంపడం కాదు.

సుజాత_జె
అదే నార్త్‌వెస్టర్న్ నుంచి రషాన్ స్లేటర్ ఉన్నాడుగా. సరిగ్గా 33. 2020 సీజన్ అసలు ఆడనేలేదు. అయినా 2021లో చార్జర్స్ 13వ పిక్ ఎందుకు పెట్టారంటే, 2019లో ఒహాయో స్టేట్ చేజ్ యంగ్ ఎదురుగా ఆడిన ఆ ఒక్క ఆట. మొదటి ఏడాదే ప్రో బౌల్ (ఎన్‌ఎఫ్‌ఎల్ మేటి ఆటగాళ్ల ఎంపిక). అంకె ఒక అనుమానాన్ని మాత్రమే పుట్టిస్తుంది. ఆ అనుమానం నిజమా కాదా అన్నది పొడుగు చేతుల రషర్ ఎదురుపడ్డ ఆటలో తేలాలి.

శనివారం_సాంబ
సరే, ఆ ఆట చూడ్డమే రావట్లేదు కదా నా ఏడుపు. బంతి అటు పోగానే కళ్లూ అటే పోతాయి.

టేప్_రత్తయ్య
అయితే పద్ధతి చెప్తా, కాస్త పొడుగు.

ముందు ఆటలు ఎంచుకోవాలి. మూడు చాలు. ఆ ఏడు అతనికి ఎదురైన బలమైన రషర్ ఉన్న ఆట ఒకటి, బయటి ఊళ్లో గోల మధ్య ఆడింది ఒకటి, నవంబరులో ఒంట్లో ఓపిక అయిపోయాక ఆడింది ఒకటి. చిన్న స్కూలు మీద 56-3 గెలిచిన ఆట చూడ్డం దండగ. టీవీ కోణంలో స్నాప్ అయిన సెకనుకే కెమెరా బంతి వెంట పోతుంది, అందుకే ఎండ్‌జోన్ కోణం దొరికితే అదే చూడాలి. అడుగులూ చేతులూ రెండూ కనిపించేది అందులోనే.

ప్రతి స్నాపూ మూడుసార్లు. మొదటిసారి నడుం కిందే చూడు: మొదటి అడుగు ఎప్పుడు పడింది, ఎంత దూరం పడింది, కాళ్లు ఒకదానికొకటి తగులుతున్నాయా. రెండోసారి చేతులు: ఎప్పుడు లేచాయి, ఎక్కడ తగిలాయి, లోపలా బయటా. మూడోసారి తల: స్టంట్ (ఇద్దరు రషర్లు చోట్లు మార్చుకుని రావడం) వస్తుంటే పక్కవాడి మనిషిని చూశాడా, తన మనిషికే అతుక్కుపోయాడా.

లెక్క రాసుకునేది అన్నిటికీ కాదు. మూడో డౌన్ (10 గజాలకి ఇచ్చే నాలుగు ప్రయత్నాల్లో మూడోది), 7 గజాలు ఆపైన మిగిలినవి, ప్లే యాక్షన్ (పరుగు నటించి విసరడం) లేనివి, స్క్రీన్ (లైన్ వెనకే ఇచ్చే పొట్టి పాస్) కానివి. పాస్ వస్తుందని స్టేడియం మొత్తానికి తెలిసినప్పుడు ఏం చేశాడన్నదే అసలు పరీక్ష. అలాంటివి ఆటకి చాలా కొద్దిగా దొరుకుతాయి, అందుకే మూడు ఆటలన్నది.

కొలతల_కామేశం
పీఎఫ్‌ఎఫ్ (ఆటగాళ్లకి గ్రేడ్లిచ్చే సంస్థ) వాళ్ల 'ట్రూ పాస్ సెట్' లెక్క దాదాపు ఇదే. స్క్రీన్లు, ప్లే యాక్షన్, బంతి ఠక్కున వదిలేసినవి తీసేస్తారు. "సీజన్ మొత్తం ఒక్క శాక్ (విసరక ముందే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడం) ఇవ్వలేదు" అని ఎవరైనా అంటే ముందు అడగాల్సింది ఆ క్వార్టర్‌బ్యాక్ బంతి ఎంతసేపు పట్టుకుంటాడని. రెండు సెకన్లకే వదిలేసేవాడి ముందు మా వీధి చివర ఉన్న తపాలా డబ్బాని నిలబెట్టినా శాక్ రాదు.

పల్నాటి_పుల్లర్
😂 తపాలా డబ్బాకి యాంకర్ (తోసినా కదలకుండా నిలవడం) మాత్రం అదిరిపోతుంది.

వరంగల్_వెడ్జ్
రత్తయ్యన్న చెప్పింది మంచిగనే ఉంది గని ఒకటి ఇడిసిపెట్టిండు. కాలేజీల రూలే వేరు. ఆర్‌పీఓ (పరుగా పాసా అని క్వార్టర్‌బ్యాక్ అప్పటికప్పుడు తేల్చుకునే ఆట) మీద లైన్‌మన్ బంతి ఇసిరేలోపు 3 గజాలు ముందట్కి పోవచ్చు. ఎన్‌ఎఫ్‌ఎల్‌ల 1 గజమే. అంటే కాలేజీల సగం 'పాస్ ప్లేలు' ఉన్నయే, లైన్‌మన్‌కు అవి రన్ బ్లాకులే. ఎనుకకు జరుగుడే లేదు. గసోంటి టీమ్‌ల 400 పాస్ స్నాపులు ఆడిండంటే అండ్ల నిజంగ కిక్ స్లైడ్ (ఎనుకకు జరిగే అడుగు) ఏసినయి ఎన్నో పట్టి పట్టి చూడాలె.

హ్యాష్ మార్కుల (బంతి వాటి నడుమనే పెట్టి ఆట మొదలువెడతరు) సంగతి గూడ. కాలేజీల వాటి నడుమ 40 అడుగులు, ఎన్‌ఎఫ్‌ఎల్‌ల 18 అడుగుల 6 అంగుళాలు. కాలేజీల ఒక దిక్కు బాగ వెడల్పు మిగులుతది, దిక్కును బట్టి డిఫెన్స్ ముందే సర్దుకుంటది, ఏ దిక్కు నుంచి వస్తడో సగం తెలుస్తది. పైకి పోయినంక రెండు దిక్కులూ దాదాపు సమానం.

సుజాత_జె
@వరంగల్_వెడ్జ్ మంచి మాట. దానికి తోడు హడావిడి అఫెన్స్. హడిల్ (ఆటకి ముందు గుమిగూడి మాట్లాడుకోవడం) లేకుండా గబగబా ఆడితే డిఫెన్స్‌వాళ్లు రొప్పుతూ ఉంటారు, మార్చడానికి కూడా సందు దొరకదు. నాలుగో క్వార్టర్లో మన కుర్రాడు అలిసిపోయిన మనిషిని నేలకూల్చి ఆ క్లిప్పు ఇంటర్నెట్ అంతా తిరిగితే, అందులో మన కుర్రాడి గొప్పెంతో టెంపో గొప్పెంతో విడదియ్యాలి.

నాలుగో_డౌన్_నాని
అసలు నేను ముందు చూసేది మోకాళ్లు. వంగేది మోకాలి దగ్గరా నడుం దగ్గరా? ఇది ఒక్కటి తేల్చుకుంటే సగం పని అయిపోయినట్టే. నడుం దగ్గర వంగేవాడి తల కాలివేళ్లని దాటి ముందుకి పోతుంది. రషర్ చెయ్యి పట్టి కిందకి లాగితే బోర్లా పడతాడు. కాలేజీలో బరువుతో నెట్టుకొచ్చేస్తాడు, పైన కుదరదు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాళ్లు అక్కడ వరసన నిలబడి ఉంటారు.

ఆలబామా ఇవాన్ నీల్ ఇలాగే. మూడేళ్లలో లెఫ్ట్ గార్డ్, రైట్ టాకిల్, లెఫ్ట్ టాకిల్ మూడూ ఆడాడు, పర్వతమంత మనిషి. 2022లో జెయింట్స్ 7వ పిక్. కాలేజీ టేపులోనే స్నాప్ చివర్లో నేలమీద ఉన్నవి చాలా కనిపిస్తాయి. రైట్ టాకిల్‌లో ఇబ్బంది పడ్డాడు, చివరికి గార్డ్‌కి మార్చారు. అతని చేతులు పొట్టివేం కాదు సాంబా!

శనివారం_సాంబ
@నాలుగో_డౌన్_నాని అదే కదా నేను మొత్తుకునేది! చెయ్యి పొడుగున్నా గార్డే, పొట్టిగున్నా గార్డే.

బ్లైండ్‌సైడ్_బాబ్జీ
కారణాలు వేరు బాబూ. ఒకడు అందక, ఇంకొకడు నిలదొక్కుకోలేక.

పల్నాటి_పుల్లర్
బుల్ రష్ ఎలా ఆపుతాడో చూడటం గురించి ఎవరూ చెప్పలేదేం. రషర్ నేరుగా ఛాతీలోకి వచ్చినప్పుడు ప్రతివాడూ ఒకటి రెండడుగులు వెనక్కి పోతాడు, అది తప్పు కాదు. ఆ తర్వాత ఏం చేస్తాడన్నది చూడాలి. మంచివాడు రెండు కాళ్లతో చిన్న గెంతు వెనక్కి వేసి, మడమలు నాటి, తుంటి కిందకి దించి, చేతులు అవతలివాడి చంకల కిందకి దూర్చి పైకి ఎత్తుతాడు. అక్కడ ఆగిపోతుంది. చేతకానివాడు మోకాళ్లు నిటారుగా పెట్టుకుని క్వార్టర్‌బ్యాక్ ఒళ్లోకి తిన్నగా వెళ్లి కూర్చుంటాడు.

బెంచ్ ప్రెస్‌లో 225 పౌండ్లు 35 సార్లు ఎత్తినవాడు కూడా ఇక్కడ జారిపోతాడు, ఎందుకంటే ఇది తుంటి బలం. ఒంగోలు గిత్త బండ లాగేటప్పుడు వెనక కాళ్లు చూడండి, అదే లెక్క.

కొలతల_కామేశం
బెంచ్ సంగతి ఎత్తారు కాబట్టి చెప్తున్నా. ఆర్లాండో బ్రౌన్ జూనియర్, ఓక్లహోమా, 2018 కంబైన్. 40 గజాలు 5.85 సెకన్లు, బెంచ్ 14 సార్లు. నవ్వని వాడు లేడు. మొదటి రౌండ్ అనుకున్నవాడు మూడో రౌండ్ 83కి జారాడు. రేవెన్స్ తీసుకున్నారు. తర్వాత ప్రో బౌల్స్, చీఫ్స్‌తో సూపర్ బౌల్ ఉంగరం. మనిషి నెమ్మదే, కానీ చేతులు బాగా పొడుగు, శరీరం వెడల్పు. చుట్టి రావాలంటే రషర్ ప్రదక్షిణం చెయ్యాలి.

ఇటు ట్రిస్టన్ వర్ఫ్స్, ఐయోవా, 2020. 320 పౌండ్ల మనిషి 36.5 అంగుళాలు ఎగిరాడు, 40 గజాలు 4.85. బక్స్ 13వ పిక్. అంకెలు చెప్పినట్టే ఆడాడు.

నా మటుకు నేను 40 గజాల టైము పట్టించుకోను, లైన్‌మన్ అంత దూరం పరిగెత్తేది టచ్‌డౌన్ వేడుకకే. అందులో మొదటి 10 గజాల టైము, నిలబడి ముందుకి దూకే బ్రాడ్ జంప్, 20 గజాల షటిల్ (అటూ ఇటూ తిరిగే పరుగు), ఈ మూడే రాసుకుంటా. మొదటి రెండూ పేలుడు బలానికి, మూడోది లోపలికి తిరిగి రాగలడా అన్నదానికి.

సుజాత_జె
లోపలికి తిరిగి రావడం అన్నారు కదా, టాకిల్స్ ఎక్కువమంది చచ్చేది అక్కడే. రషర్ మూడుసార్లు బయటి వైపు వేగంగా వస్తాడు. టాకిల్ భయపడి నాలుగోసారి తుంటి ముందే బయటికి తిప్పేస్తాడు, గేటు తలుపు తెరిచినట్టు. అప్పుడు లోపలికి ఒక్క అడుగు, అంతే. కాబట్టి ఓడిపోయిన స్నాపు ఒక్కటే చూస్తే అర్థం కాదు, దాని ముందు మూడు స్నాపులూ చూడాలి.

చేతుల్లో కూడా ఇంతే. కాలేజీలో చాలామంది రెండు చేతులూ ఒకేసారి గట్టిగా గుద్దుతారు. తగిలితే బాగుంటుంది, క్లిప్పు వస్తుంది. రషర్ ఆ చేతుల్ని కొట్టి పక్కకి తోసేస్తే ఒళ్లంతా ముందుకి పోతుంది. ఒక చెయ్యి ఎరవేసి రెండోది ఆపుకునేవాడు, అంటే చేతులు విడివిడిగా వాడేవాడు, ఒక ఏడాది ముందున్నట్టు లెక్క. పొట్టి చేతులవాడికి బతుకుదారి ఇదే. ఎర చూపించి అవతలివాడి చెయ్యి ముందు ఖర్చు చేయించి, లోపలికి దూరాలి. లేదా వెనక్కి పోకుండా స్నాప్‌కే మీదికెళ్లి పట్టుకునే జంప్ సెట్. కానీ జంప్ సెట్ ప్రతిసారీ వేస్తే రషర్ కాచుకుని కూచుంటాడు.

టేప్_రత్తయ్య
@సుజాత_జె క్యాంబెల్ మీద నా వాదనకి ఇంతకంటే మంచి మాటలు నాకు దొరకవు. ఎస్‌ఈసీలో (ఎల్‌ఎస్‌యూ ఆడే కాలేజీ లీగు) మూడేళ్లు నెట్టుకొచ్చింది ఈ తెలివితోనే.

బ్లైండ్‌సైడ్_బాబ్జీ
తెలివి ఉందని నేను కాదనలేదు. ఆ తెలివి వారం వారం, 17 ఆటలు, ప్రతివాడూ లాంగ్ ఆర్మ్‌తో వచ్చినప్పుడు సరిపోతుందా అన్నదే నా ప్రశ్న. ఒకటి రెండు సీజన్లతో తేలే విషయం కాదు.

మూడో_క్వార్టర్
ఎడమ నుంచి కుడికి మార్చడం గురించి? అక్కడ ఆడినవాడు ఇక్కడ ఆడలేడా?

వరంగల్_వెడ్జ్
ఆడతడు, గని తేలిక కాదు. ఎడమ టాకిల్ ఎడమ కాలు ఎనుకకు ఏస్తడు, కుడికి పోతే అన్నీ తిరగబడతయి. ఎడమ చేత్తో అన్నం తిను అన్నట్టు, ఆకలైతే తింటవు గని ఎన్ని మెతుకులు కింద పడతయో చూస్కో. పెనే సూయెల్ ఆరెగన్‌ల లెఫ్ట్, 2021ల లయన్స్ 7వ పిక్, రైట్‌ల దునియా ఏలిండు. జో ఆల్ట్ నోటర్‌డామ్ లెఫ్ట్, 2024ల చార్జర్స్ 5వ పిక్, ఆడ స్లేటర్ ఉండెగదా, మొదటి ఏడు రైట్ ఆడిండు. వర్ఫ్స్ ఉల్టా, కుడి నుంచి 2023ల ఎడమకు వచ్చిండు. జేసీ లేథమ్‌ను టైటన్స్ ఎడమకు మార్చి, ఏడాదికి మళ్ల కుడికే తెచ్చిండ్రు.

మూడో_క్వార్టర్
అంటే పాదాలు గట్టివైతే ఎటైనా పర్లేదన్నమాట.

నాలుగో_డౌన్_నాని
మొదటి రౌండు వాళ్లకి అది. ఐదో రౌండు నుంచి కిందకి వేరే ప్రపంచం. అక్కడ అడిగేది "ఎన్ని చోట్ల ఆడగలవు" అని. జట్టులో 53 మంది, ఆటరోజు 48 మందిని దింపాలంటే అందులో కనీసం 8 మంది అఫెన్సివ్ లైన్‌మెన్ ఉండాలి, లేకపోతే 47 మందే. ఐదుగురు ఆడితే మిగిలేది ముగ్గురు. ఆ ముగ్గురూ కలిసి ఐదు స్థానాలకీ కాపలా. కాబట్టి బంతి స్నాప్ చెయ్యడం వచ్చిన గార్డ్‌కి ఉద్యోగం ఉంటుంది, లెఫ్ట్ గార్డ్ తప్ప ఇంకేదీ రాదన్నవాడు ప్రాక్టీస్ స్క్వాడ్‌కి పోతాడు.

పల్నాటి_పుల్లర్
అందుకే మొబైల్‌లో జరిగే సీనియర్ బౌల్ (డ్రాఫ్ట్‌కి వచ్చే కాలేజీ ఆటగాళ్ల ప్రదర్శన ఆట) ముఖ్యం. ఆలబామా ఊరు మొబైల్, ఫోను కాదు సాంబా. విస్కాన్సిన్-వైట్‌వాటర్ నుంచి, అంటే డివిజన్ 3 (కాలేజీల్లో కింది అంచె) నుంచి, క్విన్ మైనర్జ్ అక్కడికొచ్చి సెంటర్ (లైన్ నడిమివాడు) ఆడి చూపించాడు, 2021లో బ్రాంకోస్ మూడో రౌండు. 2025లో నార్త్ డకోటా స్టేట్ గ్రే జేబెల్, కాలేజీలో చివరి ఏడు లెఫ్ట్ టాకిల్, సీనియర్ బౌల్‌లో లోపలి స్థానాలు ఆడాడు. సీహాక్స్ 18వ పిక్, గార్డ్.

అయితే ఒకటి. అక్కడి వన్-ఆన్-వన్ డ్రిల్లు రషర్‌కి అనుకూలం. పక్కన సాయం లేదు, మైదానమంతా వాడిదే. లైన్‌మన్ ఓడాడా గెలిచాడా అని కాదు, మొదటి రోజు ఓడిన దెబ్బకే మూడో రోజు కూడా ఓడుతున్నాడా అన్నది చూడాలి.

శనివారం_సాంబ
@పల్నాటి_పుల్లర్ మొబైల్ సంగతి నాకు తెలుసు గురూ 🙏 మరి రన్ బ్లాకింగ్? అందరూ పాస్ గురించే వాయించారు.

టేప్_రత్తయ్య
పల్టీ కొట్టించిన పాన్‌కేక్ బ్లాకులు లెక్కపెట్టకు. ఇద్దరు కలిసి ఒకణ్ణి తోసే కాంబో బ్లాక్ చూడు, అందులో ఒకడు తర్వాత లైన్‌బ్యాకర్ (లైన్ వెనక నిలబడే డిఫెన్స్‌వాడు) మీదికి పోవాలి. తొందరపడి ముందే వదిలేస్తే డిఫెన్సివ్ టాకిల్ సందులోంచి దూరేస్తాడు, ఆలస్యం చేస్తే లైన్‌బ్యాకర్ వచ్చి బ్యాక్‌ని కొట్టేస్తాడు. కబడ్డీలో చైన్ పట్టుకున్న ఇద్దరిలో ఒకడు చెయ్యి వదిలే క్షణం లాంటిది.

ఏ స్కీము టీముకి పోతాడో కూడా. అవుట్‌సైడ్ జోన్ (లైనంతా పక్కకి కదిలే పరుగు పద్ధతి) ఆడేవాళ్లకి పక్కకి పరిగెత్తి డిఫెండర్ బయటి భుజాన్ని అందుకోగల కాళ్లు కావాలి, బరువు 300 ఉన్నా సర్దుకుంటారు. జేసన్ కెల్సీ 2011 కంబైన్‌లో 280 పౌండ్లే, ఆరో రౌండు 191వ పిక్. ఆయన్ని తీసుకెళ్లి నేరుగా గుద్దుకునే టీములో పెట్టుంటే ఈ పేరు వచ్చేదో లేదో.

కొలతల_కామేశం
మనకి ఎప్పటికీ కనపడని కాగితం ఒకటుంది, డాక్టర్ల రిపోర్టు. ఇండియానాపోలిస్ కంబైన్ అసలు పని అదే, పరుగులు టీవీ కోసం. జాష్ సిమన్స్, ఒహాయో స్టేట్, 2024 అక్టోబరులో మోకాలి చిప్ప కింద టెండన్ తెగింది. పాదాలు చూస్తే ఇంకా ముందు పోవాల్సినవాడు, 2025లో 32వ పిక్‌గా చీఫ్స్‌కి వెళ్లాడు. మన లిస్టులో పైనున్నవాడు కారణం లేకుండా జారితే, కారణం లేక కాదు, మనకి చూపించక.

బ్లైండ్‌సైడ్_బాబ్జీ
మికై బెక్టన్ కూడా. 364 పౌండ్లు, 40 గజాలు 5.10. 2020లో జెట్స్ 11. మోకాలూ బరువూ కలిసి రెండు సీజన్లు తినేశాయి. తర్వాత ఈగల్స్‌లో రైట్ గార్డ్‌గా సూపర్ బౌల్ గెలిచాడు. మళ్లీ గార్డే, సాంబా 😄

శనివారం_సాంబ
మీ గార్డ్ పిచ్చి తగలెయ్య. సరే, ఈ శనివారం మా వాడి మూడు ఆటలు రత్తయ్య గారి లెక్కన రాసి ఇక్కడే పెడతా. కాలమ్స్ ఏం పెట్టమంటారు?

టేప్_రత్తయ్య
డౌన్-దూరం, ఎదురుగా ఉన్న రషర్ నంబరు, సెట్ ఎలాంటిది (వెనక్కి, ఏటవాలుగా, మీదికి), చెయ్యి ముందు ఎవరిది తగిలింది, ఫలితం. టైట్ ఎండో (లైన్ చివర నిలబడే రిసీవరు) బ్యాకో సాయం చేస్తే పక్కన చుక్క పెట్టు, చుక్క ఉన్నవి విడిగా లెక్కకట్టు.

సుజాత_జె
ఇంకో కాలమ్: ప్రెషర్ తప్పు ఎవరిది. క్వార్టర్‌బ్యాక్ పదో గజం దాకా వెనక్కి జారిపోతే టాకిల్ ఎంత బాగా చుట్టు తిప్పినా రషర్ తిన్నగా అతని మీదికే వస్తాడు. అది లైన్‌మన్ ఖాతాలో రాయకు.

వరంగల్_వెడ్జ్
స్కోరు తేడా 28 దాటినంక స్నాపులు కొట్టెయ్. అవతల బెంచ్ పొరగాళ్లు దిగుతరు.